సీడీహెచ్‌కి స్టెమ్ సెల్ వైద్యం: రంధ్రానికా, ఊపిరితిత్తికా?

కొత్తనాన్న

అందరికీ నమస్కారం. మా ఆవిడకి 22వ వారం స్కాన్‌లో బిడ్డకి సీడీహెచ్, అంటే పుట్టుకతో వచ్చే డయాఫ్రమ్ హెర్నియా, ఉందని చెప్పారు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు తెర, డయాఫ్రమ్‌లో ఎడమవైపు రంధ్రం. జీర్ణాశయం, కొంత పేగు ఛాతీలోకి ఎక్కాయి, గుండె కుడిపక్కకి జరిగింది. లివర్ మాత్రం కిందే ఉందట. ఓ/ఈ ఎల్‌హెచ్‌ఆర్ (ఆ వయసుకి ఉండాల్సిన ఊపిరితిత్తి పరిమాణంతో పోలిస్తే ఉన్నది ఎంతో చెప్పే కొలత) 32 శాతం అని రాసి పక్కన "మోడరేట్" అని పెట్టారు. జన్యు పరీక్షకి ఉమ్మనీరు తీశారు, రిపోర్ట్ ఇంకా రాలేదు.

బంధువు ఒకాయన వీడియో పంపారు. ఉమ్మనీటిలోనే స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఉంటాయనీ, వాటితో ఊపిరితిత్తులు పెంచుతున్నారనీ అందులో ఉంది. ఇంకొకరేమో బొడ్డుతాడు రక్తం దాచుకోమంటున్నారు. ఇందులో ఎంత నిజం? ఇప్పటికిప్పుడు మా బిడ్డకి పనికొచ్చేది ఏమైనా ఉందా? మెత్తగా చెప్పాలని చూడకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు.

ఎన్ఐసీయూ_రాత్రులు

కొత్తనాన్న గారూ, నేను నవజాత శిశువుల ఐసీయూలో పనిచేస్తాను. సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను. సీడీహెచ్ బిడ్డలకి ఆస్పత్రిలో మామూలుగా ఇచ్చే స్టెమ్ సెల్ చికిత్స ఈరోజుకి ఏదీ లేదు. పరిశోధన మాత్రం ఉంది, అది నిజమైనదే, మంచి చోట్ల జరుగుతోంది.

ఆ వీడియోలు చూసే ముందు ఒక సంగతి తెలిస్తే సగం అయోమయం పోతుంది. ఈ జబ్బులో రంధ్రం కనిపిస్తుంది గానీ ప్రాణం మీదకి తెచ్చేది రంధ్రం కాదు. 1946లో రాబర్ట్ గ్రాస్ పుట్టి ఒక రోజు కూడా నిండని బిడ్డకి ఆపరేషన్ చేసి బతికించాక, చాలా ఏళ్లు దీన్ని పుట్టగానే పరుగున థియేటర్‌కి తీసుకెళ్లాల్సిన ఎమర్జెన్సీగానే చూశారు. రంధ్రం చక్కగా మూసినా బిడ్డలు పోతూనే ఉన్నారు. 1980ల చివరికి ఆలోచన మారింది. ముందు ఊపిరి, రక్తపోటు కుదుటపడనిచ్చి, ఆపరేషన్ తర్వాత చేయడం మొదలైంది. ఇప్పుడు మేం చేసేదీ అదే.

అసలు చిక్కు ఊపిరితిత్తిలో. హెర్నియా ఉన్న వైపు బాగా చిన్నది, రెండోవైపు కూడా పూర్తిగా మామూలుది కాదు. గాలిగొట్టాల కొమ్మలు తక్కువ, గాలితిత్తులు తక్కువ, రక్తనాళాలు తక్కువ. ఉన్న నాళాల గోడల్లో కండరం దళసరిగా ఉంటుంది. పుట్టాక ఊపిరితిత్తుల్లో రక్తపోటు దిగాలి, వీళ్లలో అది దిగదు. మిగతా బిడ్డలకి బాగా పనిచేసే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు కూడా ఇక్కడ తడబడుతుంది. 1997లో వచ్చిన ట్రయల్‌లో సీడీహెచ్ బిడ్డల్లో అది మరణాన్ని గానీ, ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పనిని బయట నుంచి చేసే యంత్రం) అవసరాన్ని గానీ తగ్గించలేదు.

అందుకని ఎవరైనా "సీడీహెచ్‌కి స్టెమ్ సెల్" అంటే మొదట అడగాల్సింది: రంధ్రం మూయడానికా, ఊపిరితిత్తిని బాగు చేయడానికా? ఆ రెండూ వేర్వేరు పరిశోధనలు. వేరే కణాలు, వేరే సమయం, వేరే కష్టాలు.

చిట్టిగువ్వ_అమ్మ

డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా వాడికి పుట్టగానే ఆపరేషన్ చేస్తారేమో అని మేం బయట కూర్చుంటే, "ఇంకా లేదు, ఇంకా లేదు" అని రోజులు గడిపారు. అప్పట్లో అది నిర్లక్ష్యం అనిపించి కోపం వచ్చింది. ఎందుకు ఆగుతున్నారో ఒక్కరు కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేది.

కొత్తనాన్న తమ్ముడూ, మీరు కాస్త నిద్రపోండి ముందు. మోడరేట్ అంటే చేతులెత్తేసే మాట కాదు.

నాకూ ఒక ప్రశ్న ఉంది. మా వాడికి రంధ్రం పెద్దది, గోర్‌టెక్స్ అనే కృత్రిమ పొరతో ప్యాచ్ వేశారు. వాడు పెరిగాడు, ప్యాచ్ పెరగలేదు. ఒక అంచు ఊడి హెర్నియా తిరగబెట్టింది, మళ్లీ ఆపరేషన్. ఇప్పుడు ఆ పక్క ఛాతీ కొంచెం లోపలికి లాగినట్టు ఉంటుంది, వెన్ను వంకర వస్తుందేమో అని ఎక్స్‌రేలు తీస్తున్నారు. పెరిగే ప్యాచ్, అంటే బతికున్న కణాలతో చేసింది, ఎక్కడైనా వాడుతున్నారా?

పిల్లలసర్జరీ_పీజీ

అమ్మా, మీరు చెప్పిన మూడూ, తిరగబెట్టడం, ఛాతీ లోపలికి లాగడం, వెన్ను వంకర, పెద్ద ప్యాచ్‌లతో మాకు తెలిసిన తలనొప్పులే. చిన్న రంధ్రమైతే ఉన్న కండరాన్నే దగ్గరికి లాగి కుట్టేస్తాం. ఆ పక్క డయాఫ్రమ్ దాదాపు లేకపోతే ఏదో ఒకటి పెట్టక తప్పదు. గోర్‌టెక్స్ గట్టిది, శరీరం దాన్ని తనలో కలుపుకోదు. పంది పేగు లోపొరతో చేసిన సర్జిసిస్ లాంటివి వచ్చాయి. అవి కరిగి వాటి చోట సొంత కణజాలం వస్తుందని ఆశపడ్డారు గానీ, తిరగబెట్టే బెడద వాటితోనూ తీరలేదు. కొందరు సర్జన్లు పొట్టగోడ కండరం పొరని తిప్పి కుడతారు. చూడటానికి పాతకాలపు పద్ధతి, కానీ అది బిడ్డ సొంత కండరం, బిడ్డతోపాటే పెరుగుతుంది.

కణాలతో చేసిన ప్యాచ్ విషయంలో మొదట చెప్పాల్సింది బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో డారియో ఫౌజా బృందం పని. వాళ్ల ఆలోచన నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. సీడీహెచ్ 20 వారాల స్కాన్‌లోనే తెలిసిపోతోంది. జన్యు పరీక్షకని ఉమ్మనీరు ఎలాగూ తీస్తున్నాం. అందులో బిడ్డ కణాలు ఉంటాయి. వాటిలో మీసెంకైమల్ రకాన్ని (ఎముక, టెండన్ లాంటి కణజాలంగా మారగల కణాలని) వేరు చేసి, మిగిలిన నెలల్లో ల్యాబ్‌లో పెంచి, చట్రం మీద పరిచి, బిడ్డ పుట్టేసరికి బిడ్డ సొంత కణాల ప్యాచ్ సిద్ధం చేయొచ్చు కదా అన్నారు. 2004లో గొర్రెపిల్లల్లో చేసి చూపించారు. కణాలున్న ప్యాచ్ పెట్టినవాటిలో హెర్నియా తిరగబెట్టడం తగ్గింది. 2006లో అదే బృందం కండరకణాలతో చేసిన ప్యాచ్‌నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఉమ్మనీటి కణాలదే మెరుగ్గా నిలిచింది.

కండరం పెట్టాల్సిన చోట కండరకణాలు ఓడిపోవడమేంటి అని నేనూ అనుకున్నాను. తీరా ఆలోచిస్తే, కండరానికి రక్తం కావాలి, డయాఫ్రమ్‌ని నడిపించే ఫ్రెనిక్ నరం నుంచి సంకేతం కావాలి. నరం అందని కండరం కొన్నాళ్లకి చిక్కిపోతుంది. అందుకే వాళ్లు కండరం జోలికి పోకుండా స్నాయువు, అంటే టెండన్ లాంటిది చేశారు. డయాఫ్రమ్ నడిమి భాగం సహజంగా టెండనే. అది ముడుచుకోదు, కానీ పట్టుకుని ఉంటుంది, పెరుగుతుంది. సర్జన్‌కి ఆ మాత్రం చాలు.

రెండో దారి, డయాఫ్రమ్‌నే తీసుకుని అందులో కణాలన్నీ కడిగేసి, మిగిలిన చట్రంలో కొత్త కండరకణాలు నింపడం. లండన్‌లో పాలో డి కోపీ బృందం ఈ దిశలో పనిచేస్తోంది. కండరం నిజంగా ముడుచుకునే డయాఫ్రమ్ కావాలంటే చివరికి ఆ దారే పట్టాలి అని నా అభిప్రాయం. కానీ ఆ రోజు దూరం.

ప్రశ్నార్థకం

2004ల గొర్రెపిల్లలకు పని చేసిందంటిరి. ఇరవై ఏళ్లు దాటె. ఇంకా మామూలు ఆస్పత్రుల ఏ సర్జన్ చేతికీ రాలేదంటే ఎట్ల? పని చేస్తలేదనా, లేక ఎవరికీ లాభం లేదనా?

పిల్లలసర్జరీ_పీజీ

మంచి ప్రశ్న. 2011 నాటికి వాళ్లు మనుషుల మీద వాడటానికి కావాల్సిన నాణ్యత పరీక్షల దాకా వచ్చారు. అక్కడి నుంచి పడే అడ్డంకులు జీవశాస్త్రానివి కావు, తయారీవి.

మాత్ర అయితే ఒకసారి ఫ్యాక్టరీలో చేసి లక్షమందికి ఇస్తారు. ఇక్కడ ఒక్కో బిడ్డకీ వేరే బ్యాచ్. ప్రతి బ్యాచ్‌కీ క్రిములు లేవని, కణాల క్రోమోజోములు చెడలేదని, కణితులుగా మారవని పరీక్షలు. బిడ్డ నెలలు నిండకుండా పుడితే ప్యాచ్ తయారవకపోవచ్చు. జబ్బేమో సుమారు 2500 నుంచి 3000 జననాలకి ఒకటి, అందులోనూ ప్యాచ్ అవసరమయ్యేది కొంతమందికే. ట్రయల్‌కి సరిపడా బిడ్డలు దొరకాలంటే చాలా ఆస్పత్రులు కలవాలి. తిరగబెట్టిందా లేదా తేల్చడానికి ఏళ్ల తరబడి చూడాలి.

ఇంకో మాట, ఇది మా సర్జన్లకి నచ్చదు గానీ అంటాను. ప్యాచ్ ఎంత బాగున్నా, మొదటి వారం గడవని బిడ్డకి దానితో పనిలేదు. పరిశోధన డబ్బు ఊపిరితిత్తి వైపు మళ్లడానికి అదొక కారణం.

కణజాలం

ఊపిరితిత్తి వైపు కథ నేను చెప్తాను. నా పీహెచ్‌డీ ఊపిరితిత్తుల జీవశాస్త్రంలోనే, సీడీహెచ్ మీద కాదు గానీ పక్కవీధే.

2007లో డి కోపీ, ఆంథొనీ అటాలా ఉమ్మనీటి నుంచి ఒక ప్రత్యేకమైన స్టెమ్ సెల్ రకాన్ని వేరు చేసి ప్రచురించారు. సి-కిట్ అనే గుర్తు ఉన్న కణాలు అవి. ఉమ్మనీటి కణాల్లో వాటి వంతు 1 శాతం దరిదాపు. ఫౌజా గారి ప్యాచ్‌లో వాడినవి ఇవి కావు, అది గమనించండి. ఆ వీడియోల్లో రెండింటినీ కలిపేసి మాట్లాడతారు.

ఈ కణాలని హెర్నియా ఉన్న ఎలుక పిండాల ఊపిరితిత్తులకి ఇస్తే ఎదుగుదల మెరుగైంది. అయితే లోపల వెతికితే ఆ కణాలు అక్కడ పెద్దగా నిలబడి లేవు. అంటే కణం వెళ్లి ఊపిరితిత్తిగా మారడం లేదు, ఏదో విడుదల చేసి తప్పుకుంటోంది. ఆ విడుదల చేసేవే వెసికిల్స్. నానోమీటర్లలో కొలిచే కొవ్వుపొర సంచులు, లోపల ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు. టొరంటోలో అగస్టో జాని బృందం కణాలని పక్కనపెట్టి ఈ సంచులనే ఇచ్చి చూసింది. 2021లో వచ్చిన వాళ్ల పేపర్ ఈ రంగంలో పెద్ద మలుపు అనుకోవచ్చు. ఎలుక పిండాల ఊపిరితిత్తుల్లో కొమ్మలు వేయడం పెరిగింది, గాలితిత్తులు మెరుగయ్యాయి, లోపొర కణాలు తమ పని నేర్చుకున్నాయి. పని చేస్తున్నది లోపలి ఆర్‌ఎన్‌ఏ సరుకు అని తేలింది. ఊపిరితిత్తి ఎదుగుదలకి కావాల్సిన మైక్రోఆర్‌ఎన్‌ఏ (జన్యువుల పనిని అదుపుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ) 17-92 గుంపు అందులో దండిగా ఉంది. మనిషి ఉమ్మనీటి కణాల నుంచి, మందుల తయారీ ప్రమాణాలతో తీసిన వెసికిల్స్ కూడా మనిషి కణాల మీద ల్యాబ్‌లో పనిచేశాయి. ఆ తర్వాత అదే బృందం, ఈ బిడ్డల ఊపిరితిత్తుల్లో పుట్టకముందే వాపు ప్రక్రియ నడుస్తోందనీ, ఎలుకల్లో వెసికిల్స్ దాన్ని వెనక్కి తిప్పుతున్నాయనీ చూపించింది.

కణాల కంటే సంచులు మేలు అనడానికి కారణాలు తేలికగానే అర్థమవుతాయి. అవి విభజన చెందవు, కణితిగా మారవు, బాగా చల్లబరిచి గడ్డకట్టించి దాచుకోవచ్చు. బిడ్డ సొంతవే కావాలన్న పట్టు కూడా ఉండదు, ఎవరో దాత ఉమ్మనీటి నుంచి ముందే చేసి ఉంచవచ్చు. పైన పీజీ గారు చెప్పిన తయారీ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇక నాకున్న గట్టి అనుమానం. ఈ ఎలుకలకి సీడీహెచ్ ఎలా వస్తుంది? గర్భంతో ఉన్న ఎలుకకి నైట్రోఫెన్ అనే కలుపుమందు పట్టిస్తారు. అది విటమిన్ ఎ దారిని అడ్డుకుని డయాఫ్రమ్‌ని చెడగొడుతుంది, ఊపిరితిత్తిని కూడా నేరుగా చెడగొడుతుంది. హెర్నియా రాని పిండాల్లోనూ ఊపిరితిత్తి చిన్నదే. మరి వెసికిల్స్ సీడీహెచ్‌ని బాగుచేస్తున్నాయా, ఒక రసాయనం చేసిన దెబ్బని మాన్పుతున్నాయా? మనుషుల్లో కలుపుమందు కారణం కాదు. గాటా4 లాంటి కొన్ని జన్యువులు తెలుసు. 2015లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల్లో డయాఫ్రమ్ కండరాన్ని నడిపించే సంధాయక కణాల్లో ఆ జన్యువు పోతే రంధ్రం వస్తుందని చూపించారు. అయినా చాలామంది బిడ్డల్లో కారణం తేలదు.

నీలికలువ

కణజాలం గారూ, చదివాను, సగం అర్థమైంది. ఆ వెసికిల్స్ మనుషుల మీద వాడారా లేదా? ఒక్క మాట చాలు.

కణజాలం

సీడీహెచ్ ఉన్న బిడ్డకి ఆమోదం పొందిన చికిత్సగా, లేదు.

ఆశాకిరణం

అందరూ ఎందుకు ఇంత నిరాశగా మాట్లాడుతున్నారు? ఆ వెసికిల్స్‌లోనే ఒక రకమైన ఎక్సోజోమ్ ఇంజెక్షన్లు ఇప్పటికే ఇస్తున్న క్లినిక్‌లు ఉన్నాయి. తల్లికి ఎక్కిస్తే మాయ ద్వారా బిడ్డకి చేరుతాయి. బొడ్డుతాడు రక్తం దాచుకుంటే పుట్టాక కూడా ఇవ్వొచ్చు. నాకు తెలిసిన ఒక చోట ప్యాకేజీ ఉంది, వివరాలకి [నంబర్ తొలగించాం]

మోడరేటర్

ఫోన్ నంబర్, క్లినిక్ పేరు తీసేశాం. ఈ దారంలో ప్రకటనలు వద్దు. మళ్లీ పెడితే ఖాతా ఆగిపోతుంది.

ఎన్ఐసీయూ_రాత్రులు

ఆశాకిరణం గారూ, మీ పేరుకి నాకు అభ్యంతరం లేదు, మాటకి ఉంది. కడుపుతో ఉన్న మనిషికి పరీక్షించని జీవపదార్థం ఎక్కించమని చెప్పడం చిన్న విషయం కాదు.

2019 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎక్సోజోమ్ పేరుతో అమ్మే ఇంజెక్షన్ల మీద బహిరంగంగా హెచ్చరిక ఇచ్చింది. వాటివల్ల రోగులకి తీవ్రమైన హాని జరిగిన తర్వాతే ఇచ్చింది. అప్పటికి ఆమోదం ఉన్న ఎక్సోజోమ్ మందు ఒక్కటీ లేదు. కణజాలం గారు చెప్పిన వెసికిల్స్‌కీ, సీసాలో ఎక్సోజోమ్ అని చీటీ అంటించి అమ్మేదానికీ పేరు ఒకటే కావచ్చు, సరుకు ఒకటి కాదు.

గర్భంలో ఉండగా మందు ఇవ్వడం ఎంత జాగ్రత్త పని అనడానికి స్ట్రైడర్ ట్రయల్ చాలు. కడుపులో ఎదుగుదల మందగించిన బిడ్డలకి మేలు జరుగుతుందని తల్లులకి సిల్డెనాఫిల్ ఇచ్చారు. ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందు, ఊపిరితిత్తి నాళాలని సడలించేది, హాని ఏముంటుంది అనిపించేదే. 2018లో నెదర్లాండ్స్ భాగాన్ని మధ్యలో ఆపేశారు. మందు అందిన బిడ్డల్లో పుట్టాక ఊపిరితిత్తుల రక్తపోటు సమస్య ఎక్కువైంది, ఆ గ్రూపులో 11 మంది బిడ్డలు ఊపిరితిత్తుల ఇబ్బందితో చనిపోయారు. ట్రయల్ కాబట్టి లెక్కపెట్టారు, లెక్కపెట్టారు కాబట్టి తెలిసింది. క్లినిక్‌లో ఎవరు లెక్కపెడతారు?

బొడ్డుతాడు రక్తం సంగతి. అందులో ప్రధానంగా ఉండేవి రక్తం తయారుచేసే స్టెమ్ సెల్స్. రక్త జబ్బుల్లో వాటి వాడకం స్థిరపడింది. సీడీహెచ్‌లో దాన్ని ఏం చేసుకోవాలో చెప్పే వైద్యమేదీ లేదు. దాచుకోవాలంటే మీ ఇష్టం, ఈ జబ్బు కోసం మాత్రం కాదు.

ప్రశ్నార్థకం

నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తులకు బొడ్డుతాడు కణాలు ఇచ్చిన ట్రయల్ కొరియాల అయింది కద. అది అబద్ధమా?

ఎన్ఐసీయూ_రాత్రులు

అబద్ధం కాదు. బీపీడీ అనే వేరే జబ్బుకి (నెలలు నిండని పిల్లల్లో వచ్చే దీర్ఘకాల ఊపిరితిత్తి జబ్బు), బొడ్డుతాడు రక్తం నుంచి పెంచిన మీసెంకైమల్ కణాలని నేరుగా శ్వాసనాళంలోకి ఇచ్చారు. 2014లో మొదటి దశ ఫలితాలు వచ్చాయి, 9 మంది బిడ్డలు, వెంటనే హాని కనిపించలేదు. రెండో దశలో కణాలు అందినవాళ్లకీ అందనివాళ్లకీ ప్రధాన కొలమానంలో తేడా రాలేదు. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన కణాలే అవి. అందుకే ఎలుక ఫలితం చూడగానే మేం లేచి నిలబడం.

కొత్తనాన్న

అందరికీ చాలా థాంక్స్. ఆ క్లినిక్ వైపు చూడను.

మరి మా డాక్టర్ బెలూన్ గురించి ఒక మాట అన్నారు. బిడ్డ గొంతులో బెలూన్ పెడితే ఊపిరితిత్తి పెరుగుతుందట. అది కూడా ప్రయోగమేనా? మాకు చేయించాలా?

ఎన్ఐసీయూ_రాత్రులు

ఫీటో అంటారు. స్కోప్‌తో గర్భంలోకి వెళ్లి బిడ్డ శ్వాసనాళంలో చిన్న బెలూన్ పెడతారు. ఊపిరితిత్తిలో ఊరే ద్రవం బయటికి పోలేక లోపలే నిండి, ఆ ఒత్తిడికి కణజాలం సాగి పెరుగుతుంది. 34వ వారంలో తీసేస్తారు. దీనికి గట్టి ట్రయల్ ఉంది. బెల్జియంలోని లూవెన్ నుంచి యాన్ డెప్రెస్ట్ నడిపిన టోటల్ ట్రయల్, 2021లో ప్రచురించారు.

తీవ్రమైన గ్రూపులో, అంటే ఓ/ఈ ఎల్‌హెచ్‌ఆర్ 25 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లలో, 27 నుంచి 29 వారాల మధ్య బెలూన్ పెట్టారు. ఇంటికి వెళ్లగలిగిన బిడ్డలు 40 శాతం, పెట్టనివాళ్లలో 15 శాతం. మీ బిడ్డ లాంటి మోడరేట్ గ్రూపులో 30 నుంచి 32 వారాల మధ్య పెట్టారు. 63 శాతం, 50 శాతం వచ్చాయి గానీ ఆ తేడా యాదృచ్ఛికం కాదని రుజువు కాలేదు. మరోవైపు నెలలు నిండకుండా పుట్టడం 22 శాతం నుంచి 64 శాతానికి పెరిగింది. ఉమ్మనీటి సంచి ముందే చిట్లడం కూడా బాగా పెరిగింది. మోడరేట్ అన్నప్పుడు చాలామంది వెనకాడేది అందుకే. నిర్ణయం మీదీ, మిమ్మల్ని చూస్తున్న ఫీటల్ మెడిసిన్ బృందానిదీ. ఒక్కటే అడగండి: మాకు దీని లాభం ఎంత, ముందుగా పుట్టే ప్రమాదం ఎంత, మీ దగ్గర ఇప్పటిదాకా ఫలితాలు ఎలా ఉన్నాయి?

ఇంకా ముఖ్యమైనది ప్రసవం ఎక్కడ అన్నది. సీడీహెచ్ బిడ్డలని తరచూ చూసే చోట, పిల్లల సర్జరీ, నియోనేటల్ ఐసీయూ ఒకే కప్పు కింద ఉన్న చోట పుట్టాలి. పుట్టగానే మాస్క్‌తో గాలి కొట్టకుండా నేరుగా ట్యూబ్ వేసే బృందం కావాలి. మాస్క్ గాలి పొట్టలోకీ పేగులోకీ వెళ్లి, ఛాతీలో ఉన్న పేగు ఉబ్బి ఊపిరితిత్తిని ఇంకా నొక్కేస్తుంది. ఏ స్టెమ్ సెల్ కంటే ఈ ఏర్పాటే ఈరోజు మీ చేతిలో ఉన్న పెద్ద మందు.

చిట్టిగువ్వ_అమ్మ

ఈ మాట ప్రింట్ తీసి పెట్టుకో తమ్ముడూ. ఆ మాస్క్ సంగతి కూడా ప్రసవానికి ముందే డాక్టర్లతో మాట్లాడి ఫైల్లో రాయించుకో.

నీలికలువ

నాకొక ఆలోచన. బెలూన్ పెట్టేటప్పుడు స్కోప్ ఎలాగూ శ్వాసనాళంలోకి వెళ్తుంది కదా. అదే సమయంలో ఈ వెసికిల్స్ కూడా అక్కడ వదిలేసి బెలూన్‌తో మూసేస్తే? బయటికి కూడా పోవు.

కణజాలం

నీలికలువ గారూ, సగమే అర్థమైందన్నారు గానీ పరిశోధకులు పట్టుకున్న దారినే పట్టుకున్నారు. కుందేళ్లలో బెలూన్ తరహా అడ్డుకట్టనీ ఉమ్మనీటి కణాలనీ కలిపి చూసిన పనులు ఇప్పటికే ఉన్నాయి. మందు చేరాల్సిన చోటికే చేరుతుంది, తల్లి రక్తంలోకి వెళ్లదు, కొత్తగా ఇంకో పోటు అక్కర్లేదు. మనుషుల్లో మొదటి ట్రయల్ అంటూ వస్తే ఆ తలుపు గుండానే వస్తుందని నా ఊహ.

కానీ ఇక్కడే సమయం చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ వీడియోల్లో మాట్లాడరు. మనిషి ఊపిరితిత్తిలో గాలిగొట్టాలు చెట్టులా కొమ్మలు వేయడం దాదాపు 16, 17 వారాలకి పూర్తవుతుంది. సీడీహెచ్ సాధారణంగా బయటపడేది 20 వారాల స్కాన్‌లో. బెలూన్ 27 తర్వాత. అంటే మనం లోపలికి వెళ్లేసరికి ఎన్ని కొమ్మలు ఉంటాయో ఎప్పుడో తేలిపోయింది. ఎలుకలో కొమ్మలు పెరిగాయన్న ఫలితం వినడానికి గొప్పగా ఉంటుంది, మన బిడ్డ విషయంలో ఆ ఫలితం వాడుకునే సమయం దాటిపోయింది.

అలాగని దారి మూసుకుపోలేదు. గాలితిత్తులు 36 వారాల దరిదాపుల్లో మొదలై పుట్టాక కూడా కొన్నేళ్లు పెరుగుతూనే ఉంటాయి. రక్తనాళాలూ వాటితోపాటే. లోపొర కణాలు పక్వానికి రావడం, వాపు తగ్గడం, నాళాల గోడ పలచబడటం, ఇవన్నీ ఆ వయసులో కూడా మార్చగలిగేవే. కాబట్టి వెసికిల్స్ పేపర్లలో నేను చూసేది కొమ్మల లెక్క కాదు, నాళాల మీద, వాపు మీద ఏం జరిగిందన్నది. పుట్టాక, వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ట్యూబ్ ద్వారా ఇవ్వడం కూడా ఈ లెక్కన అర్థం లేనిది కాదు.

పిల్లలసర్జరీ_పీజీ

ఆ ట్యూబ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. స్టెమ్ సెల్స్‌ని మందుగా కాకుండా పరీక్షకి వాడటం నాకు ఎక్కువ ఆశగా ఉంది. వెంటిలేటర్ బిడ్డలకి ట్యూబ్‌లో చేరే స్రావాన్ని రోజూ పీల్చి పారేస్తాం. అందులో శ్వాసనాళపు మూలకణాలు ఉంటాయి. వాటిని పెంచి చూసి, సీడీహెచ్ బిడ్డల కణాలు పుట్టుకతోనే వాపు వైపు మొగ్గి ఉన్నాయని 2023లో అమెరికా బృందం ఒకటి ప్రచురించింది. కలుపుమందు తాగిన ఎలుక కాదు, నిజమైన బిడ్డ నుంచి, ఒక్క సూది కూడా గుచ్చకుండా తీసిన కణం. దాని మీద వెసికిల్స్ పనిచేస్తే అప్పుడు నేను నమ్మడం మొదలుపెడతా. చర్మకణాలని మూలకణాల స్థితికి వెనక్కి తిప్పి, వాటితో చిన్న ఊపిరితిత్తి ముద్దలు పెంచి చూసేవాళ్లూ ఉన్నారు.

ప్రశ్నార్థకం

ఇప్పుడు జర అర్థమైంది. ఇంకొకటి: గర్భంల ఉండంగనే బిడ్డకు స్టెమ్ సెల్స్ ఇచ్చుడు అసలు ఏ జబ్బుకైనా మొదలైందా? లేకుంటే మొత్తం కాగితాల మీదనేనా?

కణజాలం

మొదలైంది. వెన్నుపూస సరిగా మూసుకోని స్పైనా బిఫిడాకి కాలిఫోర్నియాలో డయానా ఫార్మర్ బృందం 2021లో క్యూర్ ట్రయల్ మొదలుపెట్టింది. గర్భంలో ఆపరేషన్ చేసేటప్పుడు మాయ నుంచి తీసిన మీసెంకైమల్ కణాలున్న ప్యాచ్‌ని వెన్ను మీద పరుస్తారు. ఎముకలు పెళుసుగా ఉండే జబ్బుకి బూస్ట్‌బీ4 అని యూరప్‌లో ఇంకొకటి. దాత పిండ కణాలని కొంతమందికి పుట్టకముందు, కొంతమందికి పుట్టాక ఇస్తారు. సీడీహెచ్‌కి కావాల్సిన అనుమతులు, కణాల తయారీ నియమాలు, తల్లి భద్రత చూసే పద్ధతి, ఇవన్నీ ఆ రెండు ట్రయల్స్ వేసిన బాటలోనే వస్తాయి.

కొత్తనాన్న

జన్యు రిపోర్ట్ వచ్చింది. క్రోమోజోముల్లో లోపం లేదన్నారు. మీరంతా రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను, తను అడగమన్న ప్రశ్న ఇది: తీసిన ఉమ్మనీటిలో మిగిలింది పరిశోధనకి ఇవ్వొచ్చా? మాకు పనికిరాకపోయినా పర్లేదు.

కణజాలం

ఆస్పత్రికి పరిశోధన బయోబ్యాంక్, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటే ఇవ్వొచ్చు. ఫారం మీద మూడు సంగతులు చూడండి: పేరు తీసేసి వాడతారా, వేరే సంస్థకి ఇచ్చే హక్కు రాయించుకుంటున్నారా, మీరు మనసు మార్చుకుంటే నమూనా నాశనం చేస్తారా. పరీక్షకి అవసరమైనంత నీరే తీయాలి, పరిశోధన కోసం అదనంగా తీయకూడదు. అది కూడా అడగండి.

ఎన్ఐసీయూ_రాత్రులు

లోపం లేదన్న రిపోర్ట్ మంచి వార్త, సంతోషం. గుండె స్కాన్ ప్రత్యేకంగా చేయించారా? సీడీహెచ్‌తో గుండె లోపాలు కలిసి రావడం ఉంది, అది ఉంటే లెక్కలన్నీ మారతాయి. తర్వాత వారాల్లో ఎంఆర్‌ఐతో ఊపిరితిత్తుల మొత్తం పరిమాణం కొలుస్తారు. ఎల్‌హెచ్‌ఆర్ ఒక్కటే పట్టుకుని కూర్చోకండి, కొలిచే చేతిని బట్టి అది కాస్త అటూఇటూ అవుతుంది.

కొత్తనాన్న

గుండె స్కాన్ ఈ శుక్రవారం. ఎంఆర్‌ఐ 28 తర్వాత అన్నారు. ప్రసవానికి సర్జరీ, ఐసీయూ కలిసి ఉన్న చోటికి మారుతున్నాం, ఫైల్ అక్కడికి పంపమని అడిగాను. అంకెలు వచ్చాక ఈ దారంలోనే పెడతాను.